తీర్థన్ లోయ ఫ్లై ఫిషింగ్ పండక్కి పోయేముందు కావలిలో చేసుకోవాల్సిన పని

తమ్ముడూ, నువ్వు అడిగినవన్నీ ముందు ఒకచోట పెడతా, మిగతా చదివేవాళ్లకి కూడా అర్థమైద్ది. ఉండేది కావలి, చిన్నప్పట్నుంచి చెరువులో కాలవలో గాలం వేసిన చెయ్యి, బెంగుళూరు ఫ్రెండు ఒకతను హిమాచల్‌లో తీర్థన్ లోయలో ఊరోళ్లంతా కలిసి పెట్టుకునే ఫ్లై ఫిషింగ్ పండక్కి ఏప్రిల్లో రమ్మంటున్నాడు, నువ్వు ఫ్లై రాడ్డు ఎప్పుడూ పట్టుకోలేదు. అంత దూరం అంత ఖర్చు పెట్టుకుని పోవచ్చా, ఏం కొనాలి, ఏం నేర్చుకోవాలి, పట్టిన చేప తినొచ్చా, పదేళ్ల పాపని తీసుకుపోవచ్చా అన్నావు.

పో. ఖర్చు దండగ కాదు. కాకపోతే మనోళ్లు చాలామంది చేసే పని ఏందంటే రాడ్డు, వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడవని ప్యాంట్లు), జాకెట్టు, ఫ్లైల డబ్బా అన్నీ ఆన్‌లైన్లో కొనేసి ఒక్కసారి కూడా విసిరి చూడకుండా నేరుగా నది ఒడ్డుకి పోయి అట్టపెట్టె విప్పుతారు. మూడు రోజుల పండగలో రెండు రోజులు లైను చిక్కులు తీసుకోడానికే సరిపోద్ది, చెయ్యి కుదురుకునే సరికి తిరుగు బస్సు టైమైపోద్ది. నీకింకా రెండు నెలలుంది. ఆ రెండు నెలలు ఈడే చెయ్యి అలవాటు చేసుకుని పోతే ఆడ నదిని, ఆ మనుషుల్ని చూసే తీరిక దొరుకుద్ది. డబ్బు సంగతి తర్వాత, ముందు ఇది.

నీ గాలానికీ దీనికీ తేడా ఏందో ముందు పట్టుకో. మనం కాలవ గట్టున వేసే గాలంలో బరువు ఎర దగ్గరో సీసం గుండు దగ్గరో ఉంటది, కర్ర ఊపితే ఆ బరువే దారాన్ని లాక్కుని పోయి నీళ్లలో పడద్ది. ఫ్లై అంటే చిన్న గాలానికి ఈక ముక్కలు, బొచ్చు, దారం చుట్టి పురుగు లాగా చేసింది, దానికి బరువనేదే ఉండదు, చేత్తో విసిరితే నీ కాళ్ల దగ్గరే పడద్ది. అందుకని ఇందులో బరువంతా లైనుకే పెడతారు. లైను లావుగా ఉంటది, పైన ప్లాస్టిక్ పూత ఉంటది. రాడ్డు ఆ లైనుని వెనక్కి గాల్లోకి లేపి మళ్లీ ముందుకి పంపుద్ది, లైను కొసకి కట్టిన సన్న దారం, దాని చివరనున్న ఫ్లై ఆ ఊపుకే ముందుకి పోయి నీళ్ల మీద వాలతాయి. నువ్వు విసిరేది లైనుని, ఫ్లై దాని వెంట పోతదంతే.

కిటుకంతా వెనక్కి పోయే లైను దగ్గరుంది. రాడ్డు వెనక్కి ఎత్తి టక్కున ఆపాలి, ఆపాక లైను నీ వెనకాల గాల్లో పూర్తిగా చాచుకునే దాకా ఆగాలి, అప్పుడు ముందుకి తెచ్చి మళ్లీ టక్కున ఆపాలి. గడియారం అనుకుంటే ముందు పది గంటల దగ్గర, వెనక ఒంటిగంట దగ్గర ఆగితే చాలు, అంతకంటే వెనక్కి వంచితే లైను నేలకి తగులుద్ది. ఆగకుండా తొందరపడి ముందుకి తెచ్చావంటే చెర్నాకోల ఝళిపించినట్టు ఠప్పుమని చప్పుడొస్తది, ఆ చప్పుడు విన్నావంటే కొసన ఫ్లై ఉందో లేదో చూసుకో, చాలాసార్లు తెగిపోయి ఉంటది. మొదట్లో సిగ్గుపడకుండా మెడ తిప్పి వెనక్కి చూస్తా విసురు, లైను చాచుకోవడం కంటితో చూస్తే ఎంతసేపు ఆగాలో చేతికి దానంతటదే తెలుసుద్ది. బలం అస్సలు అక్కర్లేదు. గాలం వేసిన చేతులకి మణికట్టు విదిలించే అలవాటు ఉంటది, దాన్ని వదిలించుకోడానికే నీకు ఎక్కువ టైము పట్టుద్ది. బొటనవేలు రాడ్డు పిడి మీద పెట్టు, మణికట్టు బిర్రుగా ఉంచి మోచెయ్యి నుంచి కదుపు, రవ్వంత బెసగకుండా చూసుకో.

ప్రాక్టీసుకి నీళ్లు అక్కర్లేదు, గడ్డి ఉన్న గ్రౌండ్ చాలు. మీ కాలేజీ గ్రౌండో హైస్కూల్ గ్రౌండో చూసుకుని పొద్దున్నే పో, ఎండెక్కాక సముద్రం గాలి మొదలైద్ది, కొత్త చేతికి ఆ గాలిలో లైను నిలవదు. మట్టి నేల మీద, సిమెంటు మీద వద్దు, లైను పూత గీరుకుపోద్ది. కొసన ఫ్లై బదులు చిన్న ఎర్ర ఊలు ముక్క కట్టు, గాలం ఉన్న ఫ్లైతో గ్రౌండ్లో విసరొద్దు, చుట్టూ పిలకాయలు చేరతారు. ఎనిమిది మీటర్ల దూరంలో ఒక చాట పెట్టు, ఇంకొకటి పది మీటర్ల దగ్గర, ఇంకొకటి పన్నెండు దగ్గర. ఊలు ముక్క చాటలో పడేదాకా విసురు. తీర్థన్ లాంటి కొండ నదిలో అంతకంటే దూరం విసిరే అవసరం పెద్దగా రాదు. ఇరవై మీటర్లు విసిరినోణ్ణి చూసి జనం చప్పట్లు కొడతారు గానీ చేప మాత్రం నీ ముందు ఎనిమిది మీటర్లలోనే ఉంటది. రోజుకి అరగంట చాలు, గంటలు గంటలు చేస్తే భుజం పట్టేసి తప్పుడు అలవాట్లు పడతాయి.

ఇంకో విసురు ఉంది, రోల్ కాస్ట్ అంటారు, దానికి మాత్రం నీళ్లు కావాలి. నది ఒడ్డున వెనకంతా చెట్లు, బండలు, వెనక్కి లైను పంపే సందు ఉండదు. అప్పుడు లైనుని నీళ్ల మీదే రవ్వంత వెనక్కి జార్చుకుని, అది నీ భుజం పక్కన వేలాడుతున్నప్పుడు ముందుకి కొడితే సుడి తిరుగుతా పోయి చాచుకుంటది. నీళ్లు లైనుని పట్టుకుంటేనే ఇది పని చేసుద్ది కాబట్టి చెరువు కాడికి పోయి చెయ్యాల్సిందే. నా లెక్కలో కొండ నదికి ఇదే ముఖ్యం, పైనుంచి విసరడం కంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

ఇక సామాను. తొమ్మిదడుగుల రాడ్డు, 5 వెయిట్, నాలుగు ముక్కలుగా విడిపోయేది తీసుకో. ఆ నంబరు లైను బరువుకి సంబంధించింది, 5 రాడ్డుకి 5 లైనే వెయ్యాలి, డబ్ల్యూఎఫ్-5-ఎఫ్ అని ఉండేది, అది నీళ్ల మీద తేలేది. రీలు మీద డబ్బు పెట్టొద్దు, ఆ నదిలో చేపకి రీలు పెద్దగా పనే ఉండదు, లైను దాచుకోడానికి అంతే, డబ్బు మిగిలితే మంచి లైను మీద పెట్టు. లైను కొసకి కట్టే సన్న దారాన్ని లీడర్ అంటారు, తొమ్మిదడుగులవి రెండో మూడో, దాని చివర ముడేసి ఫ్లై కట్టే ఇంకా సన్న దారం టిప్పెట్, 4ఎక్స్ ఒకటి, 5ఎక్స్ ఒకటి, ఎక్స్ ముందు నంబరు పెరిగేకొద్దీ దారం సన్నమైద్ది. 5ఎక్స్ సుమారు రెండు కేజీల బరువుకి తెగిపోద్ది, చేప తగిలినప్పుడు మన చెరువు గాలం లాగా గుంజావంటే చేతిలో ఖాళీ లైనే మిగులుద్ది, రాడ్డు ఊరికే పైకి ఎత్తితే చాలు. మొదటి సెట్టుకి పదివేలు దాటనియ్యొద్దు. వేడర్లు అసలు కొనొద్దు, ఆడ హోమ్‌స్టేలలో అద్దెకి దొరికితే వేసుకో, లేకపోతే ఒడ్డు మీద నుంచే వేసుకోవచ్చు. అద్దం మాత్రం, అదే కళ్లజోడు, తప్పకుండా కొను, పోలరాయిడ్ది. నీళ్ల మీద మెరుపు పోయి లోపల రాళ్లు, చేపలు కనపడతాయి, అంతకంటే ముఖ్యం నీదో పక్కోడిదో గాలం కంటికి తగలకుండా ఉంటది. టోపీ కూడా అంతే.

రాడ్డు పెట్టుకోడానికి డబ్బాలకి వేలు పోయొద్దు, మీ ఊళ్లో బోరు సామాన్ల షాపుకి పోయి రెండున్నర అంగుళాల పీవీసీ పైపు మూడడుగుల ముక్క కోయించుకో, ఒక పక్క మూత అతికించి ఇంకో పక్క మరమూత పెట్టించు, లోపల పాత తువ్వాలు చుట్టి పెడితే రైల్లో బెర్తు కింద ఎంతమంది తన్నినా ఏమీ కాదు.

ఫ్లైల గురించి రవ్వంత ఎక్కువే చెప్తా, ఎందుకంటే నాకు దీంట్లో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. ఆ నదిలో మనం పట్టేది ట్రౌట్ అనే చల్లనీళ్ల చేప, అది తినేది ఎక్కువగా నీళ్లలో పెరిగే పురుగుల్ని. పండక్కి పోయిన మొదటి రోజు రాడ్డు పక్కన పెట్టి, మోకాలి లోతు కూడా లేని చోట చెయ్యి పెట్టి ఒక గుప్పెడు రాయి తీసి తిరగెయ్యి. కింద పక్క తడిగా, జారుడుగా ఉంటది, ఒక్క క్షణం ఏమీ కనపడదు, తర్వాత కదులుతాయి. బల్లపరుపుగా రాయికి అంటుకుని పక్కకి జరిగేది, తోక దగ్గర సన్నగా మూడు వెంట్రుకలు ఉంటే అది మేఫ్లై పిల్ల. రెండే ఉండి కొంచెం పెద్దగా, మెల్లిగా నడిస్తే స్టోన్‌ఫ్లై. ఇసక రేణువులు ఒకదానికొకటి అతికించి కట్టుకున్న సన్న గొట్టం రాయికి కరుచుకుని ఉంటే, దాని లోపల కాడిస్ పురుగు ఉంటది. చూసినాక రాయిని ఎట్టా ఉండేదో అట్టే పెట్టు. ఇప్పుడు నీ డబ్బా తెరిచి ఆ రంగుకీ ఆ సైజుకీ దగ్గరగా ఏది ఉందో చూసి కట్టు, నీళ్లలో మునిగే ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్ లాంటివి పన్నెండు నుంచి పదహారు నంబరు గాలాల మీద ఉంటే సరిపోద్ది, ఈ నంబరు పెరిగితే గాలం చిన్నదైద్ది. పురుగు బతుకులో ఎక్కువ భాగం నీళ్ల అడుగునే గడిచిపోద్ది కాబట్టి చేప కూడా ఎక్కువగా అడుగునే తింటది. సాయంత్రం పూట రెక్కలొచ్చి పైకి లేచినప్పుడు చేప పైకొచ్చి చప్పరిస్తా ఉంటది, అప్పుడు తేలే ఫ్లై కట్టు, ఎల్క్ హెయిర్ కాడిస్, ఆడమ్స్ రెండూ ఉంటే చాలు.

పండగలో ఫ్లైలు కట్టడం నేర్పే బల్లలు పెడతారు, పెద్దోళ్లు కూర్చుని ఓపిగ్గా చూపిస్తారు. నువ్వు ఈడనుంచి పోయేటప్పుడు నాటు పుంజు మెడ ఈకలు కొన్ని తీసుకుపో, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కోళ్లకి కరువా, ఎర్రవి, డేగ రంగువి, కాకివి ఏరి సబ్బు నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టు. అట్టా మెత్తగా ఉండే ఈకలు నీళ్లలో మునిగే ఫ్లైలకి చాలా బాగుంటాయి, బల్ల దగ్గర కూర్చున్నోళ్లు చూడగానే నీతో మాట కలుపుతారు. నెమలి ఈక పోగులు కూడా ట్రౌట్ ఫ్లైలలో ప్రపంచమంతా వాడతారు. ఉదయగిరి కొండల పక్క ఊళ్లలో రాలిన ఈకలు దొరుకుతాయి, రాలినవి మాత్రమే, పిట్టని పట్టడం, పీకడం పెద్ద నేరం. విదేశాలనుంచి వచ్చినోళ్లు అడిగితే ఇవ్వొద్దు, నెమలి ఈకలు దేశం దాటించడం నిషేధం. కౌజుపిట్టలు, అడవి కోళ్ల ఈకలు ఎవురన్నా అమ్మినా ముట్టుకోవద్దు.

నది సంగతి. తీర్థన్ పుట్టేది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులో, 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. లార్జీ దగ్గర బియాస్‌లో కలుసుద్ది. ఈ నది మీద కరెంటు ప్రాజెక్టులు రాకుండా ఆ లోయ జనమే పోరాడి ఆపుకున్నారు, మాజీ ఎమ్మెల్యే దిలే రామ్ షబాబ్ అనే పెద్దాయన ముందు నడిచాడు, కోర్టు దాకా పోయారు. అందుకే నీళ్లు ఇప్పటికీ అట్టా పారతన్నాయి, ఊరోళ్లు నదిని చూపించి పండగ చేసుకుంటున్నారంటే దాని వెనక ఇంత ఉంది. ఆడికి పోయినప్పుడు ఒక ముసలాయన పక్కన కూర్చుని ఈ సంగతి అడుగు, ఇంగ్లీషు రాకపోయినా మన వచ్చీరాని హిందీ చాలు.

ట్రౌట్ ఆ నదిలో పుట్టిన చేప కాదు. బ్రిటిషోళ్లు గాలం సరదా కోసం తెచ్చారు. ముందు కాశ్మీర్‌లో పెంచి, 1909లో ఆడనుంచి కులూ పక్కకి గుడ్లు తెచ్చి నదుల్లో వదిలారు. మనకి దగ్గర్లో నీలగిరుల్లో కూడా అదే కాలంలో అవలాంచి దగ్గర పెంపకం కేంద్రం పెట్టారు. చల్లటి నీళ్లు, గాలి బాగా కలిసిన నీళ్లు ఉంటేనే ఇది బతుకుద్ది, ఇరవై డిగ్రీలు దాటితే ఆయాసపడద్ది, అందుకే మన పెన్నలో దాని ఊసే ఉండదు. పోతే ఆ నదులకి సొంత చేపలు ఉండాయి, స్నో ట్రౌట్ అని పేరే గానీ అది మన బొచ్చె, శీలావతి కుటుంబంలోది, కింద వెచ్చటి నీళ్లలో మహసీర్ ఉంటది. బయటినుంచి తెచ్చిన చేప సొంత చేపల తిండికీ చోటుకీ పోటీ వచ్చుద్ది. 1952లో దేశంలోకి తెచ్చిన తిలాపియా మన చెరువుల్ని ఎట్టా నింపేసిందో నువ్వు చూస్తానే ఉన్నావు కదా. ఈ మాట పండగలో ఎవురన్నా తీస్తే కొట్టిపారెయ్యొద్దు, నా మటుకు నాకు అది న్యాయమైన మాట, గాలానికి స్నో ట్రౌట్ పడితే మాత్రం ఎంత జాగ్రత్తగా వదిలితే అంత మంచిది.

చేప యాడ ఉంటదో చూడటం నేర్చుకో. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు నిలబడి ఉంటది, తిండి పైనుంచి కొట్టుకుని వచ్చుద్ది కాబట్టి. బలం ఖర్చు పెట్టకుండా నిలబడే చోటు, పక్కనే తిండి మోసుకొచ్చే వడి నీళ్లు, ఈ రెండూ కలిసిన చోట వెతుకు. పెద్ద బండ వెనకాల, బండ ముందర కూడా, వడి నీళ్లూ నిదాన నీళ్లూ రాసుకునే గీత మీద, మడుగు తోక దగ్గర. అది ఎగువకి చూస్తా ఉంటది గనక నువ్వు దిగువ నుంచి, దాని వెనకనుంచి పో, నీడ నీళ్ల మీద పడనియ్యొద్దు, బండల మీద దబదబా నడవొద్దు, ఆ అదురు దాని ఒంటికి తెలిసిపోద్ది. ఫ్లైని దానికి ఎగువన వేసి నీళ్లు ఎట్టా తీసుకొస్తే అట్టా రానియ్యి. లైను మధ్యలో వడి నీళ్లలో పడి ఫ్లైని ఈడ్చిందంటే చేప ముట్టదు, కాబట్టి రాడ్డు కొసతో లైనుని ఎప్పటికప్పుడు ఎగువ పక్కకి ఎత్తి వేసుకుంటా ఉండాలి, దీన్ని మెండింగ్ అంటారు, మొదటి రోజే ఎవురినన్నా అడిగి చూపించుకో.

చేప పడినాక చేసేదాంట్లో మనోళ్లకి పెద్ద ఇబ్బంది ఒకటుంది. మనకి తెలిసింది కొరమీను. అది పైకొచ్చి గాలి పీల్చుకుని బతికే చేప, బకెట్టులో తడి గోతం కప్పి సంతకి తీసుకుపోయినా గంటల తరబడి బతికే ఉంటది. ఆ లెక్కన ట్రౌట్‌ని గట్టు మీద పెట్టి ఫోటోలు దిగారంటే చచ్చిపోద్ది. అప్పటికప్పుడు ఈదుకుంటా పోయినట్టు కనపడినా తర్వాత ఏ బండ కిందో పోద్ది. చేతులు ముందు నీళ్లలో తడుపు, పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి జిగురు ఊడొచ్చుద్ది, ఆ జిగురే దానికి రోగాలు రాకుండా కాపాడేది. గాలానికి ఉండే ఎదురుముల్లుని పట్టకారుతో ముందే నొక్కేసుకో, అప్పుడు నీళ్లలోనే ఒక్క తిప్పుతో ఊడొచ్చుద్ది, నీ వేలికి గుచ్చుకున్నా అంతే తేలిగ్గా వచ్చుద్ది. చేప తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకో, అది తోక ఆడించి తనే పోవాలి, నువ్వు తొయ్యొద్దు. ఫోటో కావాలంటే నీళ్లలో ఉండగానే తీసుకో.

తినొచ్చా అన్నావు. పండగలో పట్టినవి వదిలేస్తారు, తినేది ఫారంలో పెంచిన ట్రౌట్. ఆవనూనెలో ఎర్రగా వేయించి పెడతారు, ముళ్లు తక్కువ, బాగుంటది. సిడ్డూ అని ఆవిరి మీద ఉడికించి నెయ్యి పోసుకుని తినే రొట్టె ఉంటది, అది మాత్రం వదిలిపెట్టొద్దు. ఇంకో మాట చెప్తా, ఒక చింతపండు ముద్ద, మన మిరపపొడి, మెంతులు, రెండు పచ్చి మామిడికాయలు సంచిలో వేసుకుని పో. ఒక రాత్రి వాళ్ల వంటింట్లో అడిగి నెల్లూరు పులుసు పెట్టు. ట్రౌట్ మెత్తటి చేప, పులుసు బాగా మరిగి చిక్కబడినాక చివర్లో వేసి గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పు, లేకపోతే చెదిరిపోద్ది. ఆ ఇంటి ఆడాళ్లు పక్కన నిలబడి ఎట్టా చేస్తున్నావో చూస్తారు, తర్వాత ఆ ఇంట్లో నువ్వు గెస్టువి కాదు.

నది దగ్గర పద్ధతులు కొన్ని ఉండాయి, ఎవరూ బోర్డు మీద రాయరు. ఒకరు వేస్తున్న మడుగులోకి అడగకుండా దిగొద్దు, వాళ్ల ముందునుంచి నీళ్లలో నడిచి పోవద్దు, ఒడ్డు వెనకనుంచి చుట్టు తిరిగి పో. ఎవరన్నా పైకి జరుగుతా వేసుకుంటా పోతుంటే నువ్వు వాళ్లకి ఎగువన దిగడం చాలా తప్పు. తెగిన నైలాన్ దారం ఒక్క ముక్క కూడా నేల మీద పడెయ్యొద్దు, జేబులో పెట్టుకో. లైసెన్సు ఫిషరీస్ డిపార్ట్‌మెంట్ ఇచ్చుద్ది, రోజు లెక్కన తీసుకోవాలి, హోమ్‌స్టే వాళ్లు దారి చూపిస్తారు, పండగ వాళ్లే చూసుకుంటారులే అనుకోకుండా నీ పేరు మీద కాగితం నీ జేబులో పెట్టుకో. ట్రౌట్ నీళ్లలో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా పూర్తిగా నిషేధం, అది గుడ్లు పెట్టే కాలం. ఏప్రిల్‌లో ఆ గొడవ లేదు.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. 2014 జూన్ 8న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిలకాయలు 24 మంది, వాళ్ల వెంట ఉన్న టూర్ మనిషి ఒకరు, బియాస్ నదిలో కొట్టుకుపోయారు. తలౌట్ దగ్గర, సాయంత్రం పూట, ఫోటోలు దిగడానికి రాళ్ల మీదకి దిగారు, పైన లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలారు. నువ్వు బస్సు దిగే ఔట్ అనే ఊరికి అది ఎంతో దూరం లేదు. తీర్థన్ మీద అట్టాంటి డ్యామ్ లేదు, నిజమే, కానీ పండగ అయిపోయాక ఫ్రెండ్సు అందరూ కలిసి బియాస్ దగ్గర ఆగుదాం అంటారు, అప్పుడు నువ్వు దిగొద్దు, ఎవురినీ దిగనియ్యొద్దు. తీర్థన్‌లో కూడా ఎండ ఎక్కేకొద్దీ పైన మంచు కరిగి మధ్యాహ్నం మీద నీళ్లు పెరుగుతాయి, పొద్దున దాటిన చోట సాయంత్రం దాటలేవు. నీళ్లు మురిక్కి తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా మాట్లాడకుండా ఒడ్డెక్కు. మోకాలు దాటి దిగొద్దు, చేతిలో కర్ర లేకుండా అసలు దిగొద్దు, రెండు కాళ్లు ఒకేసారి కదపొద్దు. మన కాలవల్లో ఈత వచ్చు అనే ధైర్యం ఆడ పనికిరాదు, ఆ నీళ్లు ఎముకల్లోకి పోతాయి, కాళ్లూ చేతులూ నిమిషాల్లో మాట వినవు.

ప్రయాణం తేలికే. నెల్లూరులో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ, ఆడనుంచి మనాలి పోయే రాత్రి బస్సులో ఔట్ దగ్గర దిగి, బంజార్, గుషైనీ వైపు లోకల్ బస్సో జీపో. ఏప్రిల్లో పగలు ఎండ బాగుంటది, రాత్రి స్వెట్టరు, పైన గాలి దూరని జాకెట్టు కావాలి, ఉన్ని సాక్సులు ఎక్కువ పెట్టుకో.

ఈ రెండు నెలల్లో గ్రౌండ్ ప్రాక్టీసు కుదిరాక, నిజం చేప మీద చెయ్యి చూసుకోవాలంటే మన దగ్గర చాలానే ఉండాయి. కావలి కాలవలో పరిగెలు సాయంత్రం పైకొచ్చి ఎగురుతుంటాయి, పదహారు నంబరు ఫ్లై వేసి చూడు, ఒక్క గంటలో నీకు తెలిసొచ్చే సంగతి నెలరోజులు చదివినా రాదు. తిలాపియా చిన్న నింఫ్‌ని, అంటే నీళ్లలో మునిగే పురుగుపిల్ల లాంటి ఫ్లైని, బాగా తీసుకుంటది. చెరువైతే ముందు వేలంపాట పాడుకున్నోళ్లని అడుగు, వాళ్లు డబ్బు పోసి పిల్లలు వదిలి ఉంటారు, నేను పట్టి వదిలేస్తాను అని చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారు. కొరమీను కోసం మాత్రం ఆ 5 రాడ్డు సరిపోదు, నాచులో పట్టుకుని పోతే లాగలేవు. ఇంకా, నీళ్ల మీద ఎర్రగా గుంపుగా పిల్లలు తేలుతుంటే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఆడ ఏది వేసినా మీద పడతాయి. అది పట్టడం కాదు. పెద్దవాటిని తీసేస్తే ఆ పిల్లలన్నీ ఒక్క పూటలో మిగతా చేపల నోట్లోకి పోతాయి. ఆ చోటు వదిలేసి ముందుకి పో.

పాప సంగతి. తీసుకుపో. పదేళ్ల పిలకాయలు దీన్ని మనకంటే తొందరగా పట్టుకుంటారు, వాళ్ల చేతుల్లో బలం లేదు కాబట్టి బలం వాడరు, మొదటి రోజే విసురు చక్కగా వచ్చుద్ది. ఈ రెండు నెలలు పొద్దున గ్రౌండ్‌కి తనని కూడా తీసుకురా, చాటలు తనే పెట్టుద్ది. తొమ్మిదడుగుల రాడ్డు తనకి బరువు, ఏడున్నర అడుగులది, 3 వెయిట్ ఎవరన్నా ఇస్తే అడిగి తీసుకో, కొనక్కర్లేదు, పండగల్లో పిల్లల కోసం రాడ్లు పెడతారు. లైఫ్ జాకెట్టు మాత్రం తన సైజుది ఈడ్నుంచే కొనుక్కుని పో, ఆడ పెద్దోళ్లవి ఇస్తే మెడలోంచి జారిపోతాయి. నది ఒడ్డున ఉన్నంతసేపు అది ఒంటి మీద ఉండాలి, అద్దాలు కళ్లకి ఉండాలి, నువ్వు గాలం వేస్తున్నప్పుడు తను నీ వెనక కాకుండా నీకు ఎడమ పక్కన, నీకు కనపడే చోట కూర్చోవాలి. నీది ఎడం చెయ్యి వాటమైతే కుడి పక్కన.